మోహన దాటిన పాట

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీదున్న సంగీతం మాస్టారికి తన వేణువు రికార్డు వినిపించి, ఆయన చెవుల్లోంచి ప్రమోదిని ఇయర్‌ఫోన్లు తీసింది. పదకొండేళ్ల కిందట తనకు పాఠం మాన్పించిన మనిషి ఇప్పుడేమంటారోనని ఆయన ముఖంలోకి చూసింది.

“ఇదేటే, మోహన రాగం మొదలెట్టి మద్దిలో ఎటో ఎల్పోయావు?”

“జాజ్ అంతారు మాస్టారూ. అప్పటికప్పుడు తోసింది కట్టుకుని వాయిత్తాం.”

“రాగాన్ని పాడుసేత్తన్నావనే కదేటి నిన్ను పొమ్మన్నాను!”

“అవును. ఆ కోపంతోనే బెంగుళూరెల్లి ఇది నేర్సుకున్నాను.”

“మరిప్పుడెందుకొచ్చావు?”

“ఈ రికార్డు మీద గురువుగారని మీ పేరెయ్యాలని. మీరొద్దంతే మానేత్తాను.”

మాస్టారు డయాలసిస్ మిషను కేసి తల తిప్పుకున్నారు.

“సిన్నప్పుడు నానూ ఇలాగే వాయించీవోణ్ణి. మా గురువు సేతేళ్ల మీద బెత్తంతో కొట్టారు. ఇంక జన్మలో గీత దాటనేదు.”

“మరి నన్నెందుకు పొమ్మన్నారు?”

“నాను మానీసింది నువ్వు వాయిత్తంటే ఇనలేకపోయానే.”

ప్రమోదిని ఆయన చెయ్యి పట్టుకుంది.

“పేరెయ్యొచ్చా మాస్టారూ?”

“ఎయ్యి. గురువని మాత్రం ఎయ్యకు. మొదటి పిల్లంగోవి కొనిచ్చినోడని ఎయ్యి. అదొక్కటే నిజం.”

ఆమె ఆ మాటను ఫోన్లో రాసుకోబోయింది. కళ్లలో నీళ్లకు అక్షరాలు కనిపించలేదు.