చెరువుకు నీలం రంగు

హలో… ఆ, నేనే. శ్రావణ్ మామను. ఫ్యాక్టరీ నుంచే మాట్లాడుతున్న, నిహారికా.

వచ్చింది, నీ బొమ్మ వచ్చింది. రిసెప్షన్ల గోడకు పెట్టిచ్చిన… మంచిగున్నదా అని నన్నే అడుగుతవా? మా ఎండీ సార్ చూసి చేతుల చాయ్ గూడ తాగలే!

నేనేం గీయమన్న? … ఆ, అదే. మన ఊరి చెరువు, ఒడ్డుకు అరటి చెట్లు, సీతాఫలాల గంపతోని మీ నాయినమ్మ, మా రాజవ్వత్త. మంచిగనే కూసున్నది. మొఖం ఆకుపచ్చగ ఏసినవ్… పోనీ, మీరు మీరు చూసుకోండ్రి.

నేల గులాబి రంగేంది? … పోస్ట్-ఇంప్రెషనిజమా? అదేం బొమ్మల పద్ధతి? … ఎన్కట ఎవరో ఫ్రెంచాయన ఎండ దీవులకు పోయి, కుక్కకు ఎర్రరంగేసిండా? కుక్క ఊకున్నదా మరి?

నవ్వకు! చెరువెందుకు పసుపేసినవ్? … మనసుల తోచిందా? నీ కడుపు సల్లగుండ, ఇంకేం తోచలేదా తల్లీ!

రేపు పొల్యూషన్ ఆఫీసర్లు వస్తున్నరు. ఆ బొమ్మకు ముసుగు తీసేదే వాళ్ల పెద్దసారు! మా కాడికెళ్లి చెరువులకు రసాయనం చుక్క గూడ పోతలేదని ఊర్ల ఒట్టేసింది నేను. నా నౌకరి ఉంటదా?

జెర జల్దీ వచ్చి నీలం కొట్టిపో… కొట్టవా? … అబద్ధమైతదా? ఓహో! కుక్కకు ఎరుపేస్తే కళ, చెరువుకు నీలమేస్తే అబద్ధం!

… నిజం రంగైతే ఏస్తవా? అయితే ఏయ్, నాకేం భయం? పసుపనేది ఉత్త బద్నాం! అది పక్క కంపెనీది. మా పైపుల ఏనాడన్న పసుపు వచ్చిందా? ఎర్రగ వస్తది, చిక్కటి ఎరుపు! నాకు తెల్వదా, దగ్గరుండి వాల్వు తిప్పిచ్చేదే నేనాయె…

… హలో?

నిహారికా… ఎవలు దగ్గింది?

స్పీకర్ల పెట్టినవా! … ఎవలెవలున్నరు ఆడ? … వాడకట్టంతనా?

అత్తా… రాజవ్వత్తా, నేను బొమ్మ ముచ్చట చెప్తున్ననే. రంగుల ముచ్చట… బర్రెనా? ఏ బర్రె?

… ఆ. చెరువు కాడ పడిపోయిన మీ బర్రె.

… అవునత్తా. రోగమొచ్చి సచ్చిందని నేనే చెప్పిన.

… అత్తా? హలో… హలో…