పసుపు అంగీ జలంధర్

కూసో బిడ్డా ప్రవల్లికా. నిలబడి అడిగితె నేను చెప్ప, పోలీసోళ్ళు అడిగినట్టుంటది. అవ్, ఫొటో సూసిన. మొన్న నువ్వు పంపంగనే సూసిన. ‘గౌరవ్వాంటీ, ఈ బ్రెజిలతను మీ మెస్సులో తినేవాడంట కదా, ఎవరండీ’ అని తియ్యగ రాసినవ్. బ్రెజిలోడు నా మెస్సుల కూసోని పచ్చిపులుసు జుర్రుకుంటడా? జర ఆలోచించొద్దా, ఆఫీసుల పని జేసేదానివి! ముందు నువ్వు చెప్పు. పై అంతస్తుల ఉండుకుంట రెండేండ్ల సంది తింటున్నవ్ నా చేతి అన్నం, ఎన్నడన్న ఇక్కడ తిని పోయినోళ్ళ ముచ్చట అడిగినవా? ఇంకో రెండు నెలలల్ల ఈ ఊర్ల ప్రపంచ ఫుట్‌బాల్ ఆట మొదలైతదనంగ అడుగుతున్నవ్. మీ కంపెనీకి ఊరంత సింగారించే కాంట్రాక్టు వచ్చిందని నాకు ఎరుకే. ఊకనే అడుగలేదు నువ్వు. సరే తియ్, చెప్త. చెప్పినంక నేనొకటి అడుగుత, దానికి నువ్వు చెప్పాలె.

వాడు బ్రెజిలోడు గాదు. జలంధర్. మా ధర్మపురి దిక్కోడు. ఇనుప కడ్డీలు కట్టే పని, స్టీల్ ఫిక్సర్. క్యాంపు ఎక్కడ్నో దూరం ఉండె గని, శుక్రారం శుక్రారం బస్సెక్కి దోహాల ఈ ఉమ్ ఘువైలినాకు నా తానికి వచ్చేది. ‘అక్కా, ఆకలి’ అనుకుంటనే చెప్పులిడిసేది. వాని తాత డప్పు, తండ్రి డప్పు, వీడు డప్పు. ఊర్లె పీనుగు లేస్తె పిలుస్తరు, జాతరైతె పిలుస్తరు, కొట్టినంక మాత్రం ఎడంగ కూసోబెట్టి ఆకు ఏస్తరు. గుండెలదిరేటట్టు కొట్టాలె, కొట్టినోడు మాత్రం దగ్గరికి రావొద్దు. మీ కృష్ణా జిల్లాల లేదా? ఉన్నది లే, నాకు చెప్పకు.

ఎనిమిదేండ్ల కింద, బ్రెజిల్‌ల ఆట అయిన ఏడు, ఈ బిల్డింగులనే కింది అంతస్తుల మరియెలా అని ఒకామె దిగింది. కొలంబియా ఆమెది. హోటల్ల దొరసానులకు నడుం తిప్పుడు నేర్పే కొలువు. అప్పటికే ఈ ఊరికి ఆ దేశాల గాలి సోకింది. హోటల్లల్ల వాళ్ళ డాన్సు, వాళ్ళ కాఫీ. ఫిలిప్పీన్ పోరగాండ్లు మరియెలావాళ్ళ భాషల పాటలు పాడుతరు. మలయాళపోళ్ళు అర్జెంటీనా అంటె కొట్టుక సస్తరు, నేపాల్ వాచ్‌మన్ బ్రెజిల్ అంటడు. నాకు ఒకటే అనుమానం ఉండె. ఏ దేశపోని పేరు ఈడ మోగుతున్నది, ఏ దేశపోడు ఈడ ఇనుం మోస్తున్నడు? ఎవ్వలన్న అడిగిండ్రా? సరే, మరియెలా హోటల్ డోళ్ళు నాలుగు తెచ్చి మెట్ల కింద పెట్టుకున్నది. ఒక శుక్రారం జలంధర్ సూసిండు. సేయి ఊకుంటదా? ఏలుతో కొట్టి సూసిండు, ‘అక్కా, దీని గొంతు పడిపోయింది’ అన్నడు. ఎన్కకు పోయి అట్టపెట్టెలు చింపి మంటేసి, డోలు కాపుడు షురూ జేసిండు. డప్పు కొట్టెటోళ్ళకు అది అలవాటు గద, కాపితె తోలు బిగుసుకుంటది, అప్పుడు మోగుతది. మరి అది తోలైతె గద! హోటల్ డోలుకు ప్లాస్టిక్ మూత. ముడుచుకోని, కరిగి, మంటల బొట్లు బొట్లు కారింది. ఆ వాసనకు బిల్డింగోళ్ళందరు ఉరికొచ్చిండ్రు. వాచ్‌మన్ ‘పోలీస్, పోలీస్’ అంటడు. జలంధర్ నా కొంగెనుక నిలబడ్డడు, గంత పొడుగు మనిషి.

మరియెలా దిగొచ్చి సూసింది. కరిగిన డోలును సూసింది, మంటను సూసింది, వీన్ని సూసింది. తిడుతదనుకున్న. నవ్వింది! మంట దిక్కు సేయి జూపి ‘క్యోం?’ అన్నది. ఆమెకు హిందీల వచ్చిన మాట అదొక్కటే. మల్లచ్చే శుక్రారం వీడు క్యాంపు నుంచి డప్పు తెచ్చి చూపెట్టిండు, మా బతుకమ్మకని ఊర్నుంచి తెప్పించిందది. మంటకు కాపి, కొట్టిండు. ఆమె నేల మీద కూలబడి ఇన్నది. వాళ్ళ ఊర్ల గూడ తోలు డోళ్ళకు ఎండ సూపెడుతరట. ఇగ సూడు, పొత్తు కుదిరింది. శుక్రారం శుక్రారం మెట్ల కింద ఆమె ఒక దరువు, వీడొక దరువు. ఆమె ‘యల్లా, యల్లా’ అని తొందర పెడుతది, వీడు ‘ఆగు తల్లీ, చెయ్యి తిరుగనీ’ అంటడు.

నాకు నచ్చిందనుకుంటివా? ఏం నచ్చలే. ఏం కావాలె ఈమెకు వీని తాన, అని. దేశం గాని దేశపామె, కూలి మనిషిని పక్కన కూసోబెట్టుకుంటదా ఊకనే? దరువు ఎత్తుకపోయి సొమ్ము జేసుకుంటదా, పోరన్ని ఆగం జేస్తదా? పెండ్లాం శోభ ఊర్లె ఉన్నది, కొత్త పిల్ల. అందుకని నేను మెట్ల మీద పీటేసుకోని చిక్కుడుకాయ తుంచుకుంట కావలి కూసున్న. ఒక్క శుక్రారం ఇడువలే. ఏమన్న దొరికితె చీపురు అందుకుందామనే కూసున్న. ఏం దొరుకలే, బిడ్డా. దరువు తప్ప ఇంకోటి లేదు వాళ్ళ నడుమ. నా అంత అనుమానపు మనిషి చెప్తున్న, లేదు.

ఆటలు మొదలైనయ్. హోటల్ తోటల పెద్ద తెర కట్టిండ్రు. మరియెలా వీనికి వాళ్ళ దేశపు పసుపు అంగీ తొడిగి తీస్కపోయింది, నన్ను గూడ రమ్మంటె కావలి ఇడువద్దని పోయిన. ఊర్లె అయితె దూరం నిలబడి కొట్టుమంటరు. ఈమె వీని భుజం మీద చెయ్యేసి నడిమధ్యల నిలబెట్టింది. వాడు కొడుతుంటె దొరలు ఎగురుతున్నరు, దొరసానులు ఎగురుతున్నరు. అప్పుడు తీసిండ్రు నీ ఫోన్ల ఉన్న ఆ ఫొటో. హోటలోళ్ళు వాళ్ళ ప్రచారం పుస్తకంల ఏసి కింద ‘దోహాలో బ్రెజిల్ గుండె చప్పుడు’ అని రాసిండ్రు. నేను బడికి పోలె గని, మీ అసొంటోళ్ళు పారేసిన పుస్తకాలు కూడబలుక్కుంటనే ఇంగ్లీషు నేర్సుకున్న, నేనే చదివిన. ఆమె కొలంబియా, అంగీ కొలంబియాది, డప్పు ధర్మపురిది. పసుపు కనబడితె సాలు, ఇద్దర్ని కట్టకట్టి బ్రెజిల్ జేసిండ్రు! రోజు ఎండల ఇనుం కట్టంగ ఈ ఊరి కంటికి వాడు ఆనలే. ఇంకొకని అంగీ తొడిగినంక ఆనిండు.

పుస్తకం తిరిగి తిరిగి క్యాంపు బాసు చేతికొచ్చింది. వీసా ఇనుం పనిది, బయట ఇంకో పని జేస్తె ఇంటికి తోలుతరు. ‘యే తుమ్ హై క్యా?’ అన్నడట. వీడు ‘నై సాబ్, కోయీ బ్రెజిల్ వాలా హై’ అన్నడు. బాసు నమ్మిండు. అక్కడికి సల్లబడె అనుకున్నం. పక్కల ఎవడున్నడు? గజేందర్, వీని ఊరోడే, వీని రూమోడే. నవ్వులాటకని రాత్రి తన పెండ్లానికి ఫోన్ల చెప్పిండు, ఫొటో గూడ పంపిండు. తెల్లారెటాల్లకు ఊరంత, వాళ్ళకు గల్ఫంత దుబాయే గద, ‘దుబాయ్‌ల జలంధర్ తెల్లపిల్లను పెట్టుకున్నడట’. శోభ వీనికి ఫోన్ జేసింది. వీడు ‘నేనే, డప్పు కొట్టిన, గంతె’ అన్నడు. ఆమె అన్నది గద, ‘డప్పే అయితె బాసు తాన నేను గాదని ఎందుకన్నవ్?’ వీడు నా దిక్కు సూసిండు.

నేను ఊకుంటనా? ఫోన్ గుంజుకోని చెప్పిన. ‘శోభా, ఏం లేదే, ప్రతి శుక్రారం నేను మెట్ల మీద కావలి కూసున్న’ అని. ఏమన్నదో ఎరుకేనా? ‘ఏమీ లేకుంటె కావలి ఎందుకు కూసున్నవ్ వదినె?’ అన్నది. ఇగ నేనేం చెప్పాలె? నా అనుమానమే దానికి సాక్ష్యమైంది.

వీసా క్యాన్సిల్ జేసుకోని పోయిండు. శోభ గడప దాటనిచ్చింది, అన్నం పెట్టింది, మాట మాత్రం పుల్లలు ఇరిచినట్టు. వాడు మల్ల డప్పు ముట్టలేదట, పిలిస్తె గూడ పోలేదట. నాలుగేండ్ల కింద మక్క చేన్ల పురుగు ముట్టింది, పామే, దవఖానకు పోయేదాంక పానం ఆగలే. మరియెలా ఆ ఏడే ఎటో పోయింది. ఈ ఊర్ల ఎవ్వలు ఉంటరు?

ఇప్పుడు ఇను. నువ్వు పంపిన ఫొటో మొన్ననే శోభకు పంపిన. గజేందర్ పంపింది మసకది, చిన్నది. ఇది పెద్దగ, తేటగ ఉన్నది. నిన్న పొద్దున ఫోన్ జేసింది. అన్నది గద, ‘వదినె, ఈయన ఇన్ని పండ్లు కనబడంగ నవ్వుడు నేను ఎన్నడు సూడలే. ఇది పిల్ల కోసం నవ్విన నవ్వు గాదు, నాకు ఎరుక గాదా ఆయన సంగతి.’ మల్ల అన్నది, ‘ఆ పోరిని పేరు రాయమను. జలంధర్ అని, మా ఊరి పేరు, డప్పు అని రాయమను. అచ్చేసి ఒకటి నాకు పంపమను. ఇంటింటికి తిప్పి నేనే చూపెడుత, తెల్లపిల్లను పెట్టుకున్నడని కూసిన నోళ్ళకు.’

అదీ సంగతి. ఇగ నేను అడిగేది అడుగుత. ఏం రాస్తున్నరు ఫొటో కింద? ... గోర్లెందుకు సూసుకుంటున్నవ్? నన్ను సూడు. ... అచ్చయిందా? ఎప్పుడు? సముద్రం ఒడ్డు రోడ్డు మీద బ్యానర్ కట్టిండ్రా, అంత పెద్దగనా? ఏం రాసి ఉన్నది, చదువు. ... ‘లాటిన్ అమెరికా మన ఊరికి వచ్చింది.’ పేరు? పేరు లేదు. కట్టినంక అడుగ వచ్చినవ్, ఎవరండీ అని. ఎవ్వలన్న వచ్చి లొల్లి పెడుతరేమోనని అరుసుకునేటందుకు వచ్చినవ్. నాకు ముందే అనిపించింది.

ఏడువకు. నేనేం తిట్టలే. పేరు అతికియ్యనీకి మీ సారు ఒప్పుకోడా? అడిగినవా? అడుగకముందే ఎట్ల తెలుసు నీకు? సరే. నేను మాత్రం శోభకు చెప్ప. ఒకసారి చెప్పిన దానికి, సాలు. నీ కండ్లు నువ్వే తుడుసుకో, నీ తెలుగుల నువ్వే చెప్పు, ‘అండీ’ అనుకుంట. ఇగో, శోభకు ఫోన్ కలిపిన. రింగయితున్నది, పట్టుకో.