వనజ ఏడికి పోయింది

ఏందది లోహితూ, చెవులల్ల పెట్టుకున్నవ్? పాటలా? పుస్తకమా! ఫోన్ల పుస్తకం ఇంటున్నవా? అరె, తీసినవేంది, నా కోసం ఆపకు, ఇను. సరే తియ్యనే తీసినవ్, కూసో జర సేపు. ఈ మెట్ల మీదనే కూసో, గాలొస్తది. ఆఫీసుకెళ్ళి వచ్చి రాంగనే ఇంట్ల దూరుతవ్, మనిషి మొకం సూసినట్టే ఉండదు నీకు. ఎవరు సదువుతున్నరు గందుల? ఆడామెనా? తప్పుల్లేకుండ సదువుతదా? ఊఁ... మంచిదే. నీకంటె ముంగట పైన కిరాయికున్న సీతారామయ్య సారు గూడ నాకు సదివి ఇనిపించేటోడు. ఆయనది మస్తు తప్పుల సదువు. నీకు చెప్పలే గద ఆయన ముచ్చట? చెప్పిన్నా? చెప్పినా మల్ల ఇను, నాకింకేం పనుంది.

గోదావరి జిల్లాలాయన. సర్కారు కొలువు జేసి రిటైరైండు. ఇల్లు సూడనీకి వచ్చినోళ్ళు ఏమడుగుతరు, బండి పెట్టుకోనీకి జాగుందా, నీళ్ళు ఎప్పుడొస్తయ్, గదే గద. ఈయన గోడలు తట్టి సూసిండు. "చెమ్మ ఎక్కుతుందాండి? పుస్తకాలున్నాయండి మనకి" అన్నడు. ఎనకనే ఆయన పెండ్లాం పుణ్యవతమ్మ, "పుస్తకాలు మంచం మీద పెట్టి మేం కింద పడుకుంటాంలెండి, పర్లేదు" అని నెత్తి కొట్టుకున్నది. నాకు గప్పుడే నచ్చిండ్రు ఇద్దరు. నేను బస్సు కండక్టర్ని గద, డిపోల బండి కోసం కూసున్నప్పుడల్లా నవలలే. కిరాయి పుస్తకాల దుకాణాలుండె అప్పట్ల, సగం పుస్తకాలకు ఆఖరి పేజీలు ఉండేటియే కావు, ఎవడో చింపుకపోయేటోడు. పెండ్లయిందో లేదో తెల్వక పరేషాన్ అయ్యేది. సారుకు ఈ సంగతి చెప్తే పడి పడి నవ్విండు.

పొద్దుగూకాల మన బోరబండ టేషన్‌కు పోయేటోళ్ళం. ప్లాట్‌ఫారం చివరికి ఒక బెంచీ ఉంది సూడు, గక్కడ. మేమిద్దరం, మన గల్లీ లింగమూర్తి, గా ఫ్లాట్లల్ల ఉండే సుబ్రహ్మణ్యం గారు. ఒకరి సంచిలకెళ్ళి ఒకరి సంచిలకు పుస్తకాలు. నువ్విది సదువు, నేనది సదువుత. లింగమూర్తి అయితే పుస్తకం సదవకముందే బాగుందని చెప్పేటోడు, అట్ట మీద బొమ్మ సూసి. మాకొకటే కట్టుబాటు, ముగింపు చెప్పొద్దు. పుస్తకం ఇచ్చినోడు నోరు కట్టుకోవాలె, తీసుకున్నోడు సదివి వచ్చినంకనే ముచ్చట పెట్టాలె. నేను సారుతోని ఎప్పుడన్న కొట్లాడిన్నంటే ఒక్కదానికే. "సారూ, మీ పుస్తకాలల్ల మా మాట మాట్లాడేటోడు ఎప్పుడు సూడు రిక్షా తొక్కుతడు, లేకుంటె దొంగతనం జేస్తడు. ఒక్క హీరోయినన్న మా తీరుగ మాట్లాడదేంది?" అంటుంటి. "నిజమేనండి" అనేటోడు. కొట్లాటకు దిగితే నిజమేనండి అనేటోనితోని ఏం కొట్లాడ్తవ్ చెప్పు.

మా బిడ్డ ప్రశాంతికి గూడ ఆయనంటే పానం. ఫోటో సూసినవ్ గద ఇంట్ల, దండ ఉన్నది. హైటెక్ సిటీల చేసేది పిల్ల. పొద్దుగాల రైలెక్కేది, నిలబడే ఫోన్ల నవలలు సదివేది. పొద్దుగూకి దిగంగనే ఇంటికి రాకుండ మా బెంచీ కాడికొచ్చేది. "నాయినా, చాయ్ తాగినవా?" అదే మొదటి మాట. తర్వాత సారుతోని పంచాయితి. "అంకుల్, మీకు పీడీఎఫ్ పంపుత, సంచులు మోసుడెందుకు?" "అది పుస్తకం కాదమ్మా, పుస్తకం ఫోటో." "ఫోటోల మనిషి మనిషి కాదా అంకుల్?" గట్లనే మాట్లాడేది, అడ్డం దిడ్డం. వానల జరమొచ్చింది, డెంగీ అన్నరు. పెద్ద దవాఖానకు తీసుకపోయినం. ఇగ రాలే. సారే నా చెయ్యి పట్టుకొని కూసున్నడు గక్కడ వరండాల.

ఆ తర్వాత్నే నా కండ్లు పోయినయ్. ముందుగాల్నే షుగరు, మందులు మానేసిన, ఎవరికోసం ఏసుకోవాలె అని. మనిషి కనవడుతడు గని అక్షరం కనవడదు. నా కొడుకు తిరుపతి ఓ ట్యాబ్ కొనుకొచ్చి అక్షరాలు పెద్దగ చేసి ఇచ్చిండు. ఎంత పెద్దగంటే తెర నిండ ఒక్క మాట. "వాడు" అని వస్తది, ఏలితోని జరుపు, "తలుపు" అని వస్తది, జరుపు. తెరిచిండో మూసిండో తెలిసేసరికి ఎవడో యాది మరుస్త. మూల పెట్టేసిన. గప్పుడన్నడు సారు, "నర్సింహ గారూ, నేను చదువుతానండి, మీరు వినండి" అని. కరోనా వచ్చింది అంతల. టేషన్ బంద్, బెంచీ బంద్. ఆయన పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద. మూతికి మాస్కు. ఆ మాస్కుల నుంచి సదువుడు, ఆవిరికి కండ్లద్దాలు తుడుసుకునుడు.

ఒక నవల పట్టుకొచ్చిండు, అట్ట గూడ లేదు దానికి, పేరేందో రాసినోడెవడో దేవునికెరుక. ఒక తండ్రి, ఒక బిడ్డ. బిడ్డ పేరు వనజ. వాళ్ళది గోదావరి దిక్కు ఊరు, అన్నీ అండి అండి మాటలే. మంచిగనే నడుస్తుండె కత. ఒకనాడు సదువుకుంట సదువుకుంట, "తెల్లవారేసరికి వనజ పోయింది" అని ఆగిండు. అద్దాలు తుడుసుకోనీకి ఆగిండనుకున్న. కతల మునిగి ఉన్న గద, నేను ఊకుంటనా, "ఏడికి పోయింది సారూ?" అన్న. ఆయన ఒక పేజీ ఎనక్కి తిప్పిండు. "చెప్పకుండ పోయిందా? తండ్రి ఆగమైతడు గద" అన్న. మల్ల ముందుకు తిప్పి "మేనత్త గారింటికండి" అన్నడు. "గట్ల చెప్పు మరి, బుగులు పెట్టిచ్చినవ్" అన్న నేను. ఆ దినం అక్కడికే పుస్తకం మూసిండు, గొంతు నొస్తుందని.

మల్ల తెల్లారి నుంచి కత మస్తు మజా వచ్చింది బిడ్డా. ఆ వనజ మేనత్తింట్ల ఉండుడు, తండ్రికి ఫోన్లు చేసుడు. అయితే పిల్ల మాట మారింది. "నాయినా, మంచిగున్నవా, ఫికర్ చెయ్యకు" అంటది. నేనడిగిన, "ఏంది సారూ, గీ పిల్ల మా తీరు మాట్లాడుతుంది?" "మేనత్త గారిది కరీంనగర్ వైపండి. పిల్లలకి భాష తొందరగా అంటుకుంటుంది కదండీ" అన్నడు. నా సంబురం సూడాలె నువ్వు! రాసినోడు మనోడే అనుకున్న. గని తప్పులు, ఏం తప్పులయ్యా అవి! "మా అత్త వచ్చిండు నాయినా" అంటది వనజ. "అత్త వచ్చిండేంది సారూ, మగోళ్ళకంటరు వచ్చిండని, అత్తయితే వచ్చిందంటరు" అని నేను నవ్వుడు. "అచ్చుతప్పండి, ప్రింటింగ్ బాగాలేదండి ఈ పుస్తకంలో" అని ఆయన. తెల్లారి మల్ల ఇంకో అచ్చుతప్పు. ఆ రోజులల్ల, అందరు పిట్టల్లెక్క రాలుతుంటే, నేను నవ్వింది గా మెట్ల మీదనే.

ఒకనాడు వనజ అన్నది, "నాయినా, చాయ్ తాగినవా?" అని. నేను మెట్టు మీద సర్దుకొని కూసున్న. ఆయన ఆగకుండ ముందుకు సదివిండు. అప్పటిసంది నాకొక్కటే ఆరాటం, ఆ పిల్ల ఇంటికి ఎప్పుడొస్తది? దినాం అడుగుడే. సారు రోజుకో మాట చెప్పేటోడు. మేనత్తకు పానం బాగలేదండి, వానలండి, రైళ్ళు తిరగట్లేదండి. "మీ రాసినోనికి దయ లేదు సారూ, తండ్రిని సంపుతడా ఏంది" అన్న. "చూద్దామండి" అన్నడు. అప్పటికే దగ్గు మొదలైంది ఆయనకు. ఆఖరికి ఓ దినం మెల్లగ, ఆగుకుంట ఆగుకుంట సదివిండు, "వనజ రైలెక్కిందండి. రేపు దిగుతుందండి నర్సింహ గారూ." నేను ఆ రాత్రి మంచిగ పండుకున్న. తెల్లారేసరికి అంబులెన్సు వచ్చింది, తెల్ల బట్టలోళ్ళు ఎక్కించుకొని పోయిండ్రు. పుణ్యవతమ్మను గూడ దగ్గరికి రానియ్యలే. మనిషి మల్ల కనవడలే, మట్టి గూడ మేం సూడలే.

పుణ్యవతమ్మ ఇల్లు ఖాళీ చేసి చెల్లెలింటికి రాజమండ్రి పోయేటప్పుడు పుస్తకాలన్నీ పంచింది. అట్ట లేని నవల నేనడిగి తీసుకున్న. సదవనీకి కండ్లేవి, ఉంచుకున్న అంతే. కొన్నొద్దులకు టేషన్ తెరిసిండ్రు, మేం ముగ్గురం మల్ల బెంచీకి చేరినం. నేను ఊకోక సుబ్రహ్మణ్యం గారికి ఇచ్చిన ఆ పుస్తకం. "ఇది సదువుండ్రి సార్, దీంట్ల హీరోయిన్ మన బోరబండ పిల్ల తీరు మాట్లాడుతది. సదివి, ఆ పిల్ల ఇల్లు చేరిందా లేదా గది ఒక్కటి చెప్పుండ్రి. కట్టుబాటు లేదు, ముగింపు చెప్పుండ్రి" అన్న. వారమో పది దినాలో అయినంక తెచ్చిండు. "బాగుందండి, కానీ వనజ పోవడం మనసుకి కష్టంగా ఉందండి" అన్నడు. "కష్టమేంది సార్, మేనత్తింట్ల మంచిగనే ఉంది గద" అన్న. "మేనత్తెవరండీ? వనజ సగంలోనే పోయింది కదండీ?" "పోయింది, ఎవరు కాదన్నరు, మల్ల ఎప్పుడొచ్చింది అని అడుగుతున్న!" ఆయన లింగమూర్తి దిక్కు సూసిండు. లింగమూర్తి నా బుజం మీద చెయ్యేసి, "అరె నర్సన్నా, వాళ్ళ దిక్కు ఊరికి పోతె ఎళ్ళిందంటరు, పోయిందంటె సచ్చిపోయిందని గదనే. జరమొచ్చి సచ్చిపోయింది ఆ పిల్ల" అన్నడు.

నేను లొల్లి పెట్టిన. నీకు సదవొస్తలేదన్న, పేజీలు తప్పిచ్చినవన్న. రైలెక్కింది, మా అత్త వచ్చిండు అన్నది, అన్నీ చెప్పిన. లింగమూర్తి ఆయనతోని మెల్లగంటుండు, "పిల్ల పోయినకాంచి జర సోయి తప్పింది సార్, ఏమనుకోకుండ్రి" అని. చెవులు మంచిగనే పనిచేస్తయి గద నాకు. పుస్తకం గుంజుకొని ఇంటికొచ్చి పుణ్యవతమ్మకు ఫోన్ చేసిన. అమ్మా, వనజ ఏడికి పోయింది, నిజం చెప్పు అన్న. "ఆ రోజు ఆయన పైకొచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదండి. ఎక్కడికి పోయిందని అడుగుతున్నాడే, పిల్లని పోగొట్టుకున్న మనిషి, ఆయనకి ఏం చెప్పను అని ఒకటే ఏడుపండి" అన్నది. ఇగ అప్పటిసంది ఆ పిల్ల మాటలన్నీ ఆయన సొంతం. పొద్దుగాల కూరగాయల బండి బుచ్చమ్మను ఆపి, "కూతురు నాన్నకి ఫోన్ చేస్తే మీరెలా మాట్లాడతారమ్మా?" అని అడిగి నేర్సుకునేటోడట. బుచ్చమ్మ పుణ్యవతమ్మను అడిగిందట, "సారుకేమైందమ్మా, దినాం నాతోని నాయినా నాయినా అనిపిచ్చుకుంటుండు" అని. గట్ల నేర్సుకొచ్చి గన్ని తప్పులు.

మా పిల్లను దవాఖాన నుంచి తెచ్చిననాడు నా కంట్లకెళ్ళి సుక్క రాలే. బండరాయి అన్నరు సుట్టాలు. ఫోన్ పెట్టేసి ఆనాడు ఏడ్సిన బిడ్డా, గోడకు తల పెట్టి. కోపం గూడ వచ్చింది సారు మీద. చెప్పిన అబద్ధం చెప్పినవ్, ఒక్క దినం ఆగి ఇల్లు చేర్పిచ్చి పోకపోతివా అని. ఆయన చేతుల ఉంటదా మరి. బెంచీ కాడికి పోవుడు బంద్ చేసిన. వాళ్ళు సదివిన పుస్తకం వేరే, నేను ఇన్నది వేరే. ఏం ముచ్చట పెట్టాలె వాళ్ళతోని? ఆ పుస్తకం ఇన్నోణ్ణి లోకంల నేనొక్కన్నే, సదివినోడు పోయె.

ఏందీ? ఉంది, అల్మారల ఉంది. ఎందుకు? ఫోటో కొడితె ఫోనే సదువుతదా? అబ్బో. పాత పుస్తకమైనా? ఎట్ల సదువుతది, ఉన్నది ఉన్నట్టేనా? ఒక్క తప్పు గూడ పోదా?

వద్దు బిడ్డా. ఉన్నదున్నట్టు నాకెందుకు.

... అగో, చినుకులు పడ్తున్నయ్ సూడు. పైన బట్టలారేసినవా? పో, పో, తీసుకో, తడుస్తయ్.