హాస్టల్లో ఎవరికీ చెప్పొద్దు

1981 జూలైలో ఒక ఉదయం ఆళ్లగడ్డ బస్టాండులో ఒక తల్లీ, యూనివర్సిటీలో చేరబోతున్న ఆమె కూతురూ తిరుపతి బస్సు కోసం నిలబడి ఉన్నారు.

“చేరేముందు యూనివర్సిటీలో డాక్టరు చూస్తాడంట గదా. జబ్బులేమన్నా ఉండాయా అని అడిగితే లేవని చెప్పు. హాస్టల్లో గూడా ఎవరికీ చెప్పొద్దు.”

“నాకు మూర్ఛ ఉంది గదమ్మా!”

“మెల్లగా మాట్లాడు, అందరూ వింటాండారు. తెలిస్తే చేర్చుకోరు. రేపు నిన్నెవరు చేసుకుంటారు?”

“ఆడ పడిపోతే నన్నెవరు చూస్తారు?”

“మాత్రలు ఏసుకుంటాండావు గదా. రెండేండ్లుగా రాలేదు.”

“పోయిన నెల వచ్చింది. నువ్వు చేనికి పోయినప్పుడు, వంటింట్లో.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చదువు మాన్పిస్తావని.”

“మరి ఎవరు లేపినారు నిన్ను?”

“ఎవరూ లేపలేదు. పొయ్యి పక్కనే పడినాను. తెలివొచ్చినాక నేనే లేచినాను.”

బస్సు రాగానే తల్లి కూతురికంటే ముందు తానే ఎక్కి, పుస్తకాల సంచితో కూర్చున్న ఒక అమ్మాయి దగ్గర ఆగింది.

“నువ్వు గూడా యూనివర్సిటీకేనా పాపా?”

“అవునక్కా. నంద్యాల నుంచి వస్తాండా.”

“మా పాపకు మూర్ఛ వస్తాది. పడిపోతే భయపడాకు. పక్కకు తిప్పి పండుకోబెట్టు. యూనివర్సిటీ డాక్టరుకు గూడా చెప్తాది, తోడు పోమ్మా.”