చిన్న పడవలు అమ్మొద్దు మావా

1905 ఎండాకాలం. నరసాపురంలో చేపలమ్మి వచ్చిన ఆమె, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మొగుడి పక్కన గంప దించింది. రేపు అతను చిన్న పడవలు రెండూ అమ్మేసి ఒక పెద్ద నావ కొనబోతున్నాడు. అదే ఆమె దిగులు.

"మావా, జపానోళ్లు రష్యా తెల్లోడి ఓడల్ని ముంచేశారంట! షావుకారు అరుగు మీద పత్రిక చదువుతుంటే విన్నాను."

"చూశావా, పెద్ద ఓడల సత్తా! నేను కొంటానంటే ఏడుస్తావు."

"పెద్ద ఓడలు రష్యావోడికీ ఉన్నాయిగా? పగలు పెద్దవి కొట్టుకున్నాయి. చీకటి పడ్డాక జపానోళ్ల చిన్న పడవలు దూరి, దెబ్బతిన్నవాటి పని పట్టాయంట. రెండూ సరిగ్గా వాడినోడే గెలిచాడు."

"మనం చేసేది యుద్ధమా ఏంటే?"

"గోదారి సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేటేస్తే నీ పెద్ద నావ సముద్రంలోనే ఆగిపోద్ది. చిన్న పడవ లేకపోతే చేపలు ఒడ్డుకెవరు తెస్తారు? నేను ఈదుకుంటూ వెళ్లి తేవాలా?"

అతను పకపకా నవ్వాడు.

"సరే, ఒక్క పడవే అమ్ముతాను. తక్కువ పడే డబ్బుకి మీ అన్నని వాటా కలుస్తాడేమో అడుగు."

"పొద్దున్నే అడిగాను. సరేనన్నాడు."

"ఓసి నీ! రష్యావోడికి నీలాంటి పెళ్లాం ఉంటే వాడే గెలిచేవాడు!"