తాబిష్‌ను ఇచ్చుడా, ఉంచుకునుడా

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్లంతా జమునక్క చాయ్ బండి దగ్గర చేరారు. వాలీబాల్ జట్టుకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఇక్కడ ఆటగాడు జట్టుకిచ్చిన మాట దసరా దాకే. పండుగనాడు జమ్మి ఆకు పంచుకున్న తెల్లారి ఎవరి జట్టులోకైనా పోవచ్చు. స్మాషర్ తాబిష్‌కు బసంత్‌నగర్‌లో కొలువు దొరికింది, దసరా కాగానే ఎట్లాగూ ఊరికే పోతాడు. ఇప్పుడే ఇస్తే బదులుగా ఇద్దరు ఆటగాళ్లను పంపుతామని అక్కడి జట్టు కబురు పెట్టింది. కెప్టెన్ అతీక్ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. గనిలో రిటైరై, అందరూ ‘కాక’ అని పిలిచే సదయ్య ఎవరూ అడగకముందే అందుకున్నాడు.

“ఇయ్యకురా అతీక్! స్మాషర్‌ను ఇచ్చుకున్న జట్టు బాగుపడదు. నన్ను ఇచ్చినప్పుడు ఏమైందో ఎరుకేనా? అప్పట్ల నేను స్మాష్ కొడితే, ఎక్కువ చెప్ప, బాల్ పలిగేది, గంతే. ఒకపారి పలగలే. నెట్టు దాటింది, గ్రౌండు దాటింది, వొయ్యి ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల వడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“బాల్ దొరకలే,” అన్నాడు జట్టులోని లింగమూర్తి.

“బొగ్గు దొరికింది! గుట్ట రెండుగ పలిగి కింద బొగ్గు తళతళ మెరుస్తున్నది. తెల్లారి మేనేజర్ సాబ్ జీపేసుకొని ఇంటికొచ్చిండు. ‘సదయ్యా, బ్లాస్టింగు బంద్ వెట్టినం, షిఫ్టుకొక స్మాష్ కొట్టు చాలు’ అన్నడు. కొట్టిన. ఒకనాడు చెయ్యి జర ఎక్కువ వడ్డది, బాల్ వొయ్యి కరెంటు ప్లాంటు పొగగొట్టంల ఇరికింది. మూడు జిల్లాలల్ల చీకటి!”

“పొగగొట్టంల ఇరికితే కరెంటెందుకు వోతది కాక?”

“నడుమ మాట్లాడకు. ఇంకో బాల్‌తోని కొట్టిన, అది వొయ్యి దాన్ని ఎంబడివెట్టుకొని నా చేతులకే వచ్చింది. ఇది చూసినంక బసంత్‌నగరోళ్లకు నిద్ర వడుతదా? సదయ్యను ఇయ్యున్రి, సిమెంటు ఫ్యాక్టరీ తీసుకోన్రి అన్నరు. మనోళ్లు ఒప్పుకున్నరు! నన్ను లారీ ఎక్కిస్తుంటే ఖని ఖనంత ఏడ్చింది. నడి ఎండకాలం గోదావరికి వరద వచ్చి, లారీ తేలుకుంట వోయింది. మన జట్టు మళ్ల కప్పు ముట్టలే.”

“మరి ఫ్యాక్టరీ ఏది కాక?”

“పెట్టుకోనీకె జాగ లేక వాపసిచ్చిన్రు.”

జమునక్క చాయ్ వడపోస్తూ తలెత్తింది. అప్పటి కెప్టెన్ ఆమె భర్తే.

“ఫ్యాక్టరీ గాదు బావా, పాత నెట్టు ఇచ్చిన్రు. మా పెరట్ల సొరతీగ దానిమీదనే పారుతున్నది. నువ్వు వోయి ఒక్క మ్యాచ్ ఆడినవు. తెల్లారి వాళ్లే నిన్ను స్కూటర్ మీద తెచ్చి గీడ దించి పోయిన్రు.”

“మరి నెట్టు?” అడిగాడు అతీక్.

“మా ఆయన వాపస్ ఇయ్యవోతే వద్దన్నరు. అది తీసుకుంటే మళ్ల ఈ సదయ్య బావను గూడ తీసుకోవాల్నేమోనని వాళ్ల భయం.”

బండి చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. అతీక్ మాత్రం నవ్వకుండా ఫోన్ తీసి బసంత్‌నగర్‌కు కలిపాడు.

“అన్నా, ఖాయం. మీ ఇద్దరిని పంపున్రి, మావోడు రేపే వస్తడు.”

అవతలి నుంచి ఏదో అడిగారు. అతీక్ ఒకసారి కాక వైపు చూశాడు.

“లేదన్నా, ఫికర్ చెయ్యకున్రి. సదయ్య కాక గాదు, తాబిష్.”