హోదయా ఇంట్లో లేదు

శుక్రవారం, తెల్లవారి ఆరు దాటింది. సముద్రం ఒడ్డున నెతన్యా అనే ఊళ్ళో లిఫ్టు లేని ఓ పాత భవనం, మూడో అంతస్తు గుమ్మం.

"బెల్లు నొక్కకమ్మాయ్, పాడైంది."

"అయితే తలుపు కొడతాను పెద్దమ్మా."

"తలుపు తీసుకుని నీ ఎదురుగా నిలబడ్డానా, ఇంకా దేన్ని కొడతావు? ఏం కావాలి?"

"నా పేరు గలీనా. ఆటగాళ్ళకి డోపింగ్ పరీక్షలు చేసే ఆఫీసు నుంచి వచ్చాను. ఇదిగో కార్డు. జూడో ఆడే హోదయా ఇల్లు ఇదేనా?"

"ఇల్లు నాది. హోదయా నా మనవరాలు. దానికి అవ్వని, సవ్తా అని పిలుస్తుంది. నీకు ఫోర్తునాని."

"సంతోషం. ఆమెని కాస్త పిలుస్తారా? శాంపిల్ తీసుకుని వెళ్ళిపోతాను."

"ఇంట్లో లేదు."

"రోజూ ఆరు నుంచి ఏడు దాకా ఇక్కడే ఉంటానని ఆమే రాసిచ్చింది కదా."

"రాసినవన్నీ జరిగితే నేనీపాటికి మునిమనవల్ని ఎత్తుకుని తిరిగేదాన్ని."

"ఎక్కడికెళ్ళింది?"

"పరుగుకి. సముద్రం వైపు."

"బూట్లు ఇక్కడే ఉన్నాయి."

"ఇసకలో బూట్లెందుకు?"

"ఈ చలిలోనా?"

"మనుషుల్ని ఎత్తి కుదేసే పిల్లకి చలేమిటి, వానేమిటి."

"సరే, లోపల కూర్చుని చూస్తాను."

"ఆగాగు, కాలు పెట్టకు. నేల ఇప్పుడే కడిగాను. శుక్రవారం పూట కడిగిన నేల తొక్కకూడదని మీ అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది. చీపురుతో కొట్టి మరీ చెప్పింది."

"మంచి తల్లి. అక్కడే నిలబడు."

"పెద్దమ్మా, సంగతేమిటో మీకు తెలుసో లేదో. ఏడాదిలో మూడుసార్లు మాకు దొరక్కపోతే రెండేళ్ళు ఆడనివ్వరు. హోదయా ఇప్పటికే రెండుసార్లు దొరకలేదు."

"ఒకసారి నా కంటి ఆపరేషన్. రాత్రంతా ఆసుపత్రిలో నా మంచం పక్కనే ఉంది, మీకు చెప్పడం మర్చిపోయింది. రెండోసారి విమానం రాలేదు. అది దాని తప్పా?"

"కాదు. కానీ ఇది మూడోది. ఏడులోపు రాకపోతే వచ్చే నెల ప్రపంచ పోటీలు లేవు. ఒలింపిక్స్ లేవు. చిన్నప్పట్నుంచీ పడ్డ పాటంతా గంగపాలు."

"అయ్యో పాపం."

"నవ్వుతూ అంటున్నారేమిటి?"

"నా మొహమే అంత. మఫ్రూమ్ తింటావా?"

"పనిలో ఉండగా ఏమీ తినకూడదు."

"ఆలుగడ్డలో ఖీమా కూరి వేయించాను, ఇప్పుడే దింపా. తినకు, ఊరికే వాసన చూడు. వాసనకి రూలు లేదుగా."

"ఒక్కటివ్వండి. చిన్నది."

"చిన్నవి మా ఇంట్లో చెయ్యరు. ఇదిగో. అన్నట్టు ఓ పని చేద్దామా? నీ సీసా ఇటిచ్చేసెయ్. నేను పోసిస్తా."

"మీరా?"

"ఏం, నాది ఉచ్చ కాదా? దానిదీ నాదీ ఒకటే నెత్తురు."

"మీరు బీపీకి మాత్ర వేసుకుంటారా?"

"పొద్దున్నే ఒకటి. పాడు మాత్ర, బాత్రూంకి దూరంగా పోనివ్వదు."

"అది ఆటగాళ్ళకి నిషేధం. మీ సీసా పట్టుకెళితే ఆమెకి ఇంకా పెద్ద శిక్ష పడుతుంది."

"ముసలాళ్ళ మాత్ర మీదా మీ పెత్తనం. బాగుంది. నీకు తమ్ముడున్నాడా?"

"ఉన్నాడు. పెళ్ళయింది."

"మంచివాళ్ళందరికీ అయిపోతాయి, ఏం చేస్తాం."

"నిజం చెప్పండి. హోదయా రాత్రి ఎవరింట్లోనైనా ఉండిపోయిందా?"

"ఉండిపోతే ఈ వీధంతా మిఠాయి పంచేదాన్ని. రొట్టెలకి వెళ్ళిందంటే నమ్మవేం?"

"ఇందాక సముద్రం అన్నారు."

"బేకరీ సముద్రం దారిలోనేగా ఉంది."

"ఒట్టి కాళ్ళతో బేకరీకా?"

"నువ్వు పోలీసుల్లో చేరాల్సింది అమ్మాయ్. ఇంకోటి తిను."

"ఇది రెండోది... బాగుంది, లోపల ఏం వేశారు? ఇంతకీ మీరు ఆమె పోటీలకి వెళ్తారా?"

"నేనా? ఆ ఆట నా కంటితో చూడను. టీవీలో వస్తే లేచి వంటింట్లోకి పోతా. పెంచుకున్న పిల్ల మెడ ఎవత్తో బిగిస్తుంటే కూర్చుని చప్పట్లు కొట్టాలా?"

"ఏడు కావస్తోంది పెద్దమ్మా. చివర్లో ఒకసారి ఫోన్ చెయ్యొచ్చు మేము. చేస్తున్నా."

"చెయ్యి, చెయ్యి. సముద్రం దగ్గర సిగ్నలుండదు."

"మోగుతోంది."

"ఎక్కడ?"

"మీ ఏప్రన్ జేబులో."

"అదా, అలారం. పొయ్యి మీద గుడ్లున్నాయి."

"నేను కట్ చెయ్యగానే ఆగిపోయింది."

"ఉడికిపోయుంటాయి."

"పెద్దమ్మా, పిల్ల లోపలే ఉంది కదూ?"

"నేల ఇంకా ఆరలేదు."

"నిద్రపోతోందా?"

"నీకో ఉంగరం చూపిస్తా. ఇది, నా వేలిదే. మా అమ్మ ట్రిపోలీ నుంచి వస్తూ నాలుక కింద దాచి తెచ్చింది. హోదయాకి పెడదామని ఎన్నిసార్లు చూశానో. కణుపు దాటదు. ఏ వేలికీ దాటదు. ఎదుటివాళ్ళ కోటు పట్టుకుని లాగీ లాగీ వేళ్ళన్నీ అల్లం కొమ్ముల్లా అయిపోయాయి."

"ఉంగరం పెద్దది చేయించొచ్చు."

"భుజాన్నేం చేయిస్తావు? రెండుసార్లు కోశారు. రాత్రిళ్ళు నిద్రలో మూలుగుతుంది. గోడకి ఇవతల నేను పడుకుని వింటాను. శుక్రవారం రాత్రి ఇంటిల్లిపాదీ తింటుంటే అదొక్కతీ కీరదోస ముక్క పట్టుకుని కూర్చుంటుంది. యాభై ఏడు కిలోలు దాటకూడదంట. రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే ఏం కొంప మునుగుతుంది? కడుపునిండా తింటుంది, ఆ భుజం బాగుపడుతుంది. నేనేం విషం పెట్టలేదు. లేపలేదు, అంతే."

"తెలిస్తే ఊరుకుంటుందా?"

"తిడుతుంది. పడతాను. పిల్లలు తిడితే పెద్దవాళ్ళు పడరా ఏమిటి?"

"లోపలికి రమ్మనకుండా నేను రాలేను. చివరి నిమిషం దాకా ఇక్కడే నిలబడి, దొరకలేదని రాసుకుపోతాను. అంతే నా పని."

"రాసుకో తల్లీ. నీకు పుణ్యముంటుంది. ఇంకో రెండు పొట్లం కట్టివ్వనా?"

"వద్దు. రేపోమాపో పేపర్లో ఏమొస్తుందో తెలుసా మీకు?"

"హోదయాకి విశ్రాంతి అని వస్తుంది."

"మూడోసారీ పరీక్షకి దొరకలేదని వస్తుంది. జనం ఏమంటారు? ఏదో మింగింది, అందుకే దాక్కుంది అంటారు."

"ఏం మింగింది?"

"బలానికి మందులు."

"ఎవరు, హోదయానా?"

"ఒక్కసారి ఆ మాట పుట్టాక ఆగుతుందా? ఇన్నాళ్ళు గెలిచినవన్నీ మందులు మింగే గెలిచిందంటారు."

"ఆ ఫ్రెంచి పిల్లని పడేసిందే. అది కూడానా?"

"ముందు దాన్నే అంటారు."

"నోటికేదొస్తే అది అనేస్తారా? ఆ పిల్ల దీనికన్నా జానెడు పొడుగు. ఇది కిందికి దూరి, అదే భుజం మీదకి ఎత్తి, వెల్లకిలా కొట్టింది. కోసిన భుజం. పళ్ళు బిగపట్టుకుని కొట్టింది."

"మీరు చూడనన్నారుగా."

"వంటింట్లోంచి టీవీ కనిపిస్తుంది. మందులంట, మందులు. ఏడేళ్ళప్పట్నుంచి నా చేతి కూడు తిన్న ఒళ్ళది. పై ఇంటి అలీజా రేపు మెట్ల మీద నన్నాపి, మీ పిల్ల దొంగాట ఆడిందట కదా అంటే నేను వినాలా? ఆడితే ఆడింది, మానితే మానింది. దొంగ అనిపించుకోవడానికా ఇన్ని దెబ్బలు తింది? ఎంత టైముంది?"

"రెండు నిమిషాలు."

"రా లోపలికి."

"నేల తడి..."

"పోనీ తడి, మళ్ళీ కడుక్కుంటా. చెప్పులతోనే రా. హోదయా! లేవే తల్లీ, నీ ఉచ్చ కోసం వచ్చారు. హోదయా!"

"వస్తున్నా సవ్తా."

"గుడ్ మార్నింగ్ హోదయా. గలీనాని. ఆరు యాభై తొమ్మిది. దొరికారు."

"ఇదేమిటే, ఒక్క పిలుపుకే వచ్చేశావు? మొహం కూడా కడుక్కున్నట్టున్నావు."

"ఈవిడ మెట్లెక్కుతున్నప్పుడే లేచాను. ఇదిగో, ఈ గది తలుపు వెనకే కూర్చున్నా. గుడ్ల అలారం కూడా విన్నా."

"అన్నీ వింటూ నోరు మూసుకుని కూర్చున్నావా? ఒక్క నిమిషం ఆలస్యమైతే నీ ఆట పోయేది కదే, పిచ్చిమొహమా."

"ఈ భుజంతో ఇంక నావల్ల కాదు సవ్తా. ఆ మాట నా నోటితో చెప్పలేక, నువ్వు పిలవకపోతే మానేద్దామని కూర్చున్నా."